హోమియో వైద్యం: నేర్చుకొనే వారికి, వాడుకొనే వారికి



ఇంట్లో బై.పి.సి. చదివిన పిల్లలున్న తల్లిదండ్రులు ఏటేటా మమ్మల్ని అడిగే ప్రశ్న ఒకటి ఉంది. "అయ్యగారూ, మా అమ్మాయికి ఎం.బి.బి.ఎస్. సీటు వచ్చేంత ర్యాంకు రాలేదు. హోమియోలో వస్తుందంటున్నారు. చేర్పించమంటారా?" జనగామ వైపు సంఘాల్లోనూ, మహబూబాబాద్ తండాల్లోనూ, భూపాలపల్లి అవతల అడవి అంచు గ్రామాల్లోనూ ఇదే మాట. మన సువార్తికుల్లో కొందరిది ఇంకొక ప్రశ్న. "ఆరు నెలల కోర్సు ఒకటుందట, ఇంటి దగ్గరే ఉండి చదువుకోవచ్చట. నేర్చుకుని సంఘస్థులకు మందులిస్తే పరిచర్యకు తోడుగా ఉంటుంది కదా?"

ఈ రెండు ప్రశ్నలకూ జవాబు ఒకటి కాదు. రెండో ప్రశ్నకు జవాబు తేలిక. మొదటిదానికి కొంచెం ఓపికగా ఆలోచించాలి. ఎందుకంటే అందులో బిడ్డ భవిష్యత్తు ఉంది, కుటుంబం దాచుకున్న డబ్బు ఉంది, రేపు ఆ బిడ్డ దగ్గరకు వైద్యానికి వచ్చే మనుషుల ప్రాణాలు కూడా ఉన్నాయి.

హోమియో మందంటే మన పల్లెల్లో చాలామందికి ఇష్టం. తియ్యగా ఉంటుంది, పిల్లలు మారాం చేయకుండా చప్పరిస్తారు. సూది లేదు. గుళికలు చేత్తో తాకకూడదు, మూతలో వేసుకుని నోట్లో వేసుకోవాలి, కాఫీ మానాలి, ఉల్లి వెల్లుల్లి తగ్గించాలి అని చెప్తుంటే ఏదో క్రమమున్న వైద్యమనిపిస్తుంది. అన్నిటికంటే ముఖ్యం, ఆ డాక్టరు కూర్చోబెట్టి మాట్లాడతాడు. నిద్ర ఎలా పడుతుంది, దాహం ఎక్కువా, చలి ఓర్చుకోలేవా, మనసులో దిగులేమైనా ఉందా అని అడుగుతాడు. పెద్దాసుపత్రి ఓ.పి. వరుసలో రెండు గంటలు నిలబడి రెండు నిమిషాల్లో చీటీ పట్టుకుని బయటపడ్డ మనిషికి ఆ అరగంట ఎంత ఊరటో వేరే చెప్పక్కరలేదు. ఆ అరగంటను మేము చులకన చేయడం లేదు.

ఈ వైద్యాన్ని ప్రారంభించినవాడు జర్మనీ దేశస్థుడైన సామ్యూల్ హానిమన్. 1755లో పుట్టాడు. ఆయన కాలంలో వైద్యమంటే నరం కోసి రక్తం తీయడం, పాదరసం మింగించడం, విరేచనాలు పట్టించడం. రోగం వదిలిపెట్టినా వైద్యం చంపేది. ఆయనకు అది నచ్చలేదు. 1790లో ఒక వైద్యగ్రంథాన్ని అనువదిస్తూ, మలేరియా జ్వరానికి వాడే సింకోనా బెరడును ఆరోగ్యంగా ఉన్న తానే తిని చూశాడు. జ్వరం లాంటి లక్షణాలు కనిపించాయట. ఆరోగ్యవంతునిలో ఏ లక్షణాలు పుట్టిస్తుందో ఆ పదార్థమే, అతి స్వల్పంగా ఇస్తే, అవే లక్షణాలున్న రోగిని బాగు చేస్తుందని సిద్ధాంతం కట్టాడు. 1810లో "ఆర్గనాన్" అనే గ్రంథం రాశాడు. నేటికీ హోమియో కళాశాలల్లో అది పాఠ్యగ్రంథమే.

1854లో లండను పట్టణంలో కలరా వచ్చినప్పుడు హోమియో ఆసుపత్రిలో చనిపోయినవారి శాతం మిగతా ఆసుపత్రుల కంటే తక్కువగా ఉన్నదని లెక్కల్లో ఉంది. హోమియో అభిమానులు నేటికీ దీన్ని చెప్తారు. నిజమే కావచ్చు. అయితే కారణం ఏమిటి? కలరా రోగి ఒంట్లోని నీరంతా పోయి చనిపోతాడు. అటువంటివానికి మిగతా చోట్ల రక్తం తీసి, విరేచనాలకిచ్చారు. హోమియో ఆసుపత్రిలో ఆ కీడు జరగలేదు. ఈనాడు అదే రోగికి ఉప్పు, చక్కెర కలిపిన నీళ్ళు, అవసరమైతే సెలైను ఇచ్చి బ్రతికిస్తున్నాం. పోల్చవలసింది దీనితో.

మన దేశానికి ఈ వైద్యం వచ్చిన త్రోవల్లో మిషనరీల త్రోవ కూడా ఒకటి. మంగుళూరులో ఫాదర్ ముల్లర్ అనే జెస్యూట్ సన్యాసి 1880లో బీదలకోసం హోమియో మందుల శాల తెరిచాడు. అది పెరిగి నేడు పెద్ద ఆసుపత్రి అయింది. విశేషమేమంటే అక్కడ హోమియో కళాశాలతో పాటు అల్లోపతి వైద్య కళాశాల కూడా నడుస్తున్నది. మన తెలుగు నేలమీద గుడివాడలో 1945లోనే హోమియో కళాశాల వెలిసింది. రాజమండ్రి కళాశాలకు అల్లు రామలింగయ్య గారి పేరు పెట్టారు. ఆయన హాస్యనటుడని అందరికీ తెలుసు, హోమియో వైద్యుడని కొందరికే తెలుసు. హైదరాబాదు రామంతాపూర్‌లోని ప్రభుత్వ కళాశాలకు పొట్టి శ్రీరాములు గారి పేరుతో పాటు డాక్టర్ జయసూర్య గారి పేరు కూడా ఉంది. జయసూర్య గారు సరోజినీ నాయుడు గారి కుమారుడు. 1952లో మెదక్ నుండి లోక్‌సభకు ఎన్నికయ్యారు. అల్లోపతి చదివి హోమియోవైపు వచ్చినవారు. కనుక ఇది తెలివిలేనివారి వైద్యమని ఎవరైనా అంటే మేము ఒప్పుకోము.

ఇక చదువు సంగతి. హోమియోకు 1973లో కేంద్ర ప్రభుత్వం చట్టం చేసింది. దాని స్థానంలో 2020లో జాతీయ హోమియోపతి కమిషన్ చట్టం వచ్చింది. నేడు చెల్లే డిగ్రీ బి.హెచ్.ఎం.ఎస్. నాలుగున్నర సంవత్సరాల చదువు, ఒక సంవత్సరం ఇంటర్న్‌షిప్, మొత్తం అయిదున్నర సంవత్సరాలు. నీట్‌లో అర్హత సంపాదించాలి. మన రాష్ట్రంలో సీట్లు కేటాయించేది వరంగల్‌లోని కాళోజీ నారాయణరావు ఆరోగ్య విశ్వవిద్యాలయం. ఈ చదువులో ఆర్గనాన్, మెటీరియా మెడికా, రెపర్టరీ అనే హోమియో పాఠాలతో పాటు శరీర నిర్మాణం, శరీర ధర్మం, రోగ నిర్ధారణ, శస్త్రచికిత్స, స్త్రీవ్యాధులు, ప్రసూతి, ప్రజారోగ్యం కూడా చెప్తారు. కనుక బి.హెచ్.ఎం.ఎస్. చదివిన అమ్మాయి కామెర్లను గుర్తుపట్టగలదు, గుండెపోటు లక్షణాలు చెప్పగలదు, రక్తపరీక్ష చీటీ చదవగలదు. ఇది చిన్న సంగతి కాదు.

అయితే ఇక్కడ రెండు సంగతులు కలిసిపోకుండా చూసుకోవాలి. చదువు పెద్దదైనంత మాత్రాన ఆ చదువు చేతికిచ్చే మందు పనిచేస్తుందని రుజువు కాదు. పరీక్ష కఠినం, ప్రభుత్వ కళాశాల, తెల్లకోటు, రిజిస్ట్రేషను నంబరు, ఇవన్నీ మనిషి చదివాడని చెప్తాయి. మందు సంగతి మందునే అడగాలి.

మందు ఎలా తయారవుతుందో చూడండి. మూల పదార్థం ఒక చుక్క తీసుకుని తొంభైతొమ్మిది చుక్కల సారాయి నీటిలో కలిపి గట్టిగా కుదుపుతారు. అందులోనుండి ఒక చుక్క తీసి మళ్ళీ తొంభైతొమ్మిది చుక్కల్లో కలుపుతారు. ఇలా ముప్పైసార్లు చేస్తే సీసా మీద "30" అని రాస్తారు. రెండువందలసార్లు చేస్తే "200". ఎంత పలుచన చేస్తే అంత బలమని హోమియో సిద్ధాంతం. పదార్థమంతా అణువులతో ఉన్నదని పాఠశాల పిల్లలకు కూడా తెలుసు. అణువులకు లెక్క ఉంది గనుక, పన్నెండోసారి దాటేసరికి మూల పదార్థపు అణువు ఒక్కటైనా మిగిలే అవకాశం దాదాపు లేదు. ముప్పయ్యోసారికైతే భూమి బరువంతటి నీళ్ళు తాగినా ఒక్క అణువు దొరకడం కష్టం. హానిమన్ 1843లో కన్నుమూశాడు. ఈ అణువుల లెక్క శాస్త్రజ్ఞులకు తేలింది ఆ తరువాతనే, గనుక ఆయనను తప్పు పట్టలేము. నేటి పాఠ్యపుస్తకాలకు ఆ వెసులుబాటు లేదు. కొందరు నీటికి జ్ఞాపకశక్తి ఉందంటారు. కొత్తగూడ వాగులో నీరు ఎన్ని రాళ్ళను, ఎన్ని వేళ్ళను, ఎన్ని పశువులను తాకి వస్తుంది! వాటన్నిటినీ మరచిపోయి సీసాలోని ఒక్క చుక్కను మాత్రమే ఎలా జ్ఞాపకముంచుకుంటుందో ఎవరూ చెప్పలేదు.

సరే, ఎలా పనిచేస్తుందో తెలియకపోయినా పనిచేస్తే చాలు కదా అని మీరనవచ్చు. న్యాయమైన మాటే. వేపపుల్ల ఎలా పనిచేస్తుందో తెలియకముందే మన తాతలు పళ్ళు తోముకున్నారు. అందుకే పరీక్ష పెట్టి చూడాలి. 1835లో జర్మనీలోని న్యూరెంబర్గ్‌లో అటువంటి పరీక్ష ఒకటి జరిగింది. నూరు చిన్న సీసాలు. సగం సీసాల్లో మంచు కరిగిన శుద్ధజలం, సగం సీసాల్లో ముప్పైసార్లు పలుచన చేసిన ఉప్పు మందు. ఏ సీసాలో ఏముందో తాగేవారికీ తెలియదు, పంచేవారికీ తెలియదు. లెక్క చెప్పిన యాభై మందిలో నలభైరెండు మందికి ఏమీ తెలియలేదు. ఏదో అయినట్లుందన్న ఎనిమిది మందిలో అయిదుగురు తాగింది మందు, ముగ్గురు తాగింది వట్టి నీరు. రైళ్ళు కూడా సరిగా లేని రోజుల్లో ఆ ఊరి పెద్దలు ఇంత చక్కగా ఆలోచించారు.

ఆ తరువాత ఇటువంటి పరీక్షలు వందలకొద్దీ జరిగాయి. 1997లో "లాన్సెట్" అనే వైద్యపత్రిక 89 పరీక్షలను కలిపి చూసిన వ్యాసం వేసింది. అందులో హోమియోకు కొంత మొగ్గు కనిపించింది. హోమియోవారు దాన్ని నేటికీ చూపుతారు. అయితే ఆ వ్యాసకర్తలే తరువాత మళ్ళీ లెక్కచూసి, జాగ్రత్తగా జరిగిన పరీక్షల్లో ఆ మొగ్గు తగ్గిపోతున్నదని 1999లో రాశారు. 2005లో అదే పత్రికలో 110 హోమియో పరీక్షలను 110 మామూలు వైద్య పరీక్షలతో పోల్చారు. పెద్దవి, లోపాలు తక్కువగా ఉన్నవి మాత్రమే తీసి చూస్తే హోమియో మందు ఫలితానికీ, మందు లేని ఉత్తి గుళిక ఫలితానికీ పెద్ద తేడా కనబడలేదు. 2015లో ఆస్ట్రేలియా ప్రభుత్వ వైద్య పరిశోధనా మండలి 61 రకాల జబ్బులమీద జరిగిన 176 పరీక్షలను పరిశీలించి, హోమియో పనిచేస్తుందని నమ్మదగిన రుజువున్న జబ్బు ఒక్కటి కూడా లేదని తేల్చింది. బ్రిటను ఆరోగ్య శాఖ 2017లో తన డాక్టర్లు ఈ మందులు రాయవద్దని చెప్పింది.

ఇవన్నీ దూరదేశాల సంగతులని అనకండి. మన రాష్ట్రంలోనే ఒక పెద్ద ఉదాహరణ ఉంది. 1999లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మెదడువాపు వ్యాధి వచ్చి పిల్లలు చనిపోవడం పెద్దవారికి జ్ఞాపకముండే ఉంటుంది. జ్వరం, వాంతులు, ఫిట్స్, రెండు మూడు రోజుల్లో బిడ్డ చేజారిపోయేది. అప్పుడు ప్రభుత్వం పిల్లలకు ముందు జాగ్రత్తగా హోమియో గుళికలు పంచింది. బెల్లడోన్నా, కాల్కేరియా కార్బ్, ట్యూబర్కులినమ్ అనే మూడు మందులు వరుసగా. ఊళ్ళల్లో, బడుల్లో పిల్లల్ని నిలబెట్టి వేశారు. తరువాతి సంవత్సరాల్లో జబ్బు తగ్గింది. హోమియో వల్లనే తగ్గిందని అప్పటినుండి ప్రచారం ఉంది.

ఆలోచించండి. అదే కాలంలో పందులను ఊళ్ళకు దూరంగా తరలించారు. ఆ క్రిమి పందుల్లో పెరిగి దోమ ద్వారా మనిషికి వస్తుంది గనుక ఇది ముఖ్యమైన పని. దోమల మందు కొట్టారు. టీకాలు వచ్చాయి, 2006 నుండి దేశంలో జబ్బు ఎక్కువగా ఉన్న జిల్లాల పిల్లలకు టీకా పెద్ద ఎత్తున వేశారు. పైగా ఈ జబ్బు ఒక ఏడు విజృంభించి, మరుసటి ఏడు దానంతటదే తగ్గే స్వభావం కలది. ఇన్ని జరుగుతుండగా గుళికలకే ఘనత ఎలా ఇస్తాం? గుళికలు వేసుకున్న ఊరినీ, అన్నీ సమానంగా ఉండి గుళికలు మాత్రం వేసుకోని ఊరినీ పక్కపక్కన పెట్టి చూస్తే కదా తెలిసేది. అది జరగలేదు. కోడి పిండాలలో బెల్లడోన్నా ఆ క్రిమిని కొంత అణచిందని కలకత్తా పరిశోధకులు 2010లో రాశారు. గ్రుడ్డులోని పిండం సంగతి వేరు, మహాముత్తారంలో దోమతెర లేకుండా పడుకున్న పిల్లవాని సంగతి వేరు. ఇది ఇంత వివరంగా ఎందుకు రాశామంటే, 2020లో కరోనా వచ్చినప్పుడు కూడా ఇదే కథ నడిచింది. ఆర్సెనికమ్ ఆల్బమ్ 30 వేసుకోమని కేంద్ర ఆయుష్ శాఖ జనవరిలోనే సలహా ఇచ్చింది. ఇంటింటికీ సీసాలు చేరాయి. గుళికలు వేసుకున్నామన్న ధైర్యంతో మాస్కు తీసేసి పెళ్ళికి పోయినవారు ఎందరో ఆ దేవునికే తెలియాలి.

"మరి మా బాబుకు తగ్గింది కదా అయ్యగారూ" అంటారు. తగ్గింది, కాదనము. జలుబు మందు వేసుకుంటే వారంలో, వేసుకోకపోతే ఏడు రోజుల్లో తగ్గుతుందని మన పెద్దలు ఊరికే అనలేదు. పులిపిర్లు నెలల తరువాత వాటంతటవే రాలిపోతాయి. కీళ్ళనొప్పి కార్తెకొకలా ఉంటుంది. నొప్పి మరీ ఎక్కువైన రోజే మనిషి డాక్టరు దగ్గరకు పోతాడు, ఆ తరువాత ఎలాగూ కొంత తగ్గేదే. దానికి తోడు మనసుకు ధైర్యం. నిజానికి అల్లోపతి మందుకు కూడా ఇదే పరీక్ష. ఉత్తి గుళిక కంటే ఎక్కువ పని చేయకపోతే దాన్నీ పక్కన పెట్టవలసిందే.

పక్కన పెట్టిన వారున్నారు కూడా. నిజామాబాద్ జిల్లా డిచ్‌పల్లిలో మెథడిస్టు మిషనువారు 1915లో కుష్ఠు ఆసుపత్రి ప్రారంభించారు. డాక్టర్ ఇసబెల్ కెర్ అమ్మగారు అక్కడ చాల్‌మోగ్రా జాతి గింజల నూనెను సూదులతో ఎక్కించి వైద్యం చేసేవారు. ఎక్కడెక్కడినుండో రోగులు నడిచి వచ్చేవారు. బాగుపడ్డామని చెప్పినవారు ఎందరో. 1940ల చివర డాప్సోన్ వచ్చింది, పరీక్షల్లో నిలిచింది. మిషను ఆసుపత్రులు నూనెను వదిలి మాత్ర పట్టుకున్నాయి. 1980ల్లో మూడు మందుల వైద్యం వచ్చినప్పుడు ఒక్క డాప్సోన్‌ను కూడా వదిలాయి. నూనెను అంత ప్రేమతో వాడిన చోట అది ఎంత కష్టమైన నిర్ణయమో ఊహించుకోవచ్చు.

ఉత్తి చక్కెర గుళికే గనుక కీడు ఉండదులే అని అనుకోవద్దు. కీడు గుళికలో కాదు, ఆలస్యంలో ఉంది. రెండు వారాలు దాటిన దగ్గు, సాయంత్రం జ్వరం, బరువు తగ్గడం ఉంటే కళ్ళె పరీక్ష చేయించాలి. క్షయకు మందులు ప్రభుత్వం ఉచితంగా ఇస్తుంది. ఈ మనిషి మూడు నెలలు గుళికలు చప్పరిస్తే ఆ మూడు నెలల్లో ఇంట్లో పసిపిల్లలకు అంటుతుంది. ఇన్సులిన్ మీద ఉన్న పిల్లవానికి సూది ఆపి గుళిక పెడితే రోజుల్లో ప్రాణం పోతుంది. మూర్ఛ మాత్రలు ఉన్నట్టుండి ఆపితే ఆగకుండా ఫిట్స్ వస్తాయి. పిచ్చికుక్క ఉమ్మితో చేశామని చెప్పే హోమియో మందు కూడా ఒకటుంది. కుక్క కరిస్తే గాయాన్ని సబ్బుతో, కారే నీళ్ళ కింద పదిహేను నిమిషాలు కడిగి, ఆ రోజే ఆసుపత్రికి పోయి టీకా వేయించాలి, చెప్పిన తేదీలన్నీ పూర్తి చేయాలి. రేబిస్ లక్షణాలు మొదలయ్యాక ఏ వైద్యుడూ దాదాపు ఏమీ చేయలేడు. హెచ్.ఐ.వి., క్షయ, మలేరియా, ఇన్‌ఫ్లుయెంజా, పసిపిల్లల విరేచనాలకు హోమియోమీద ఆధారపడవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లో హెచ్చరించింది.

ఇంకొక మాట ప్రమాదకరమైనది. "హోమియోలో ముందు జబ్బు పెరిగి, తరువాత తగ్గుతుంది" అంటారు. కురుపు విషయంలో ఏమో గాని, చంటిబిడ్డ డొక్కలు ఎగరేస్తూ ఊపిరి పీలుస్తుంటే ఈ మాట నమ్మి తెల్లవారేదాకా కూర్చోవద్దు. 108కి ఫోను చేయండి.

ఇప్పుడు సువార్తికుల ప్రశ్నకు వద్దాం. ఆరు నెలల కోర్సు, ఇంటి దగ్గర చదువు, గోడకు తగిలించుకునే సర్టిఫికెట్, ఇవేవీ చట్టంలో చెల్లవు. రిజిస్టరులో పేరు లేనివారు హోమియో వైద్యం చేయడం శిక్షార్హం. పేరు ముందు డాక్టరని పెట్టుకోవడానికి కూడా వీల్లేదు. ఊళ్ళో ఆర్.ఎం.పి.లు చేస్తున్నారు కదా అంటారు. వారిమీద కూడా కేసులు అవుతున్నాయి. అయినా మాకు చట్టం కంటే ఎక్కువ దిగులు కలిగించేది వేరు. కాపరి చేతినుండి వచ్చిన మందును సంఘస్థుడు పరీక్షించడు, ప్రశ్నించడు. ప్రార్థన చేసిన చేయే సీసా అందిస్తే, ఆ సీసామీద పెట్టుకోకూడనంత నమ్మకం పెట్టుకుంటాడు. తగ్గకపోయినా అయ్యగారి మనసు నొచ్చుకుంటుందని ఆసుపత్రికి పోడు. అయ్యగారి దగ్గర సీసా లేకుండా, మహబూబాబాద్ ఆసుపత్రిదాకా తోడుపోయే సైకిలుమోటారు ఉంటే అది చాలు.

బి.హెచ్.ఎం.ఎస్. చదవాలనుకునే పిల్లల తల్లిదండ్రులకు: ఈ డిగ్రీని అల్లోపతి మందులు రాసుకునేందుకు దొడ్డిదారిగా ఎంచుకోవద్దు. పూనమ్ వర్మ కేసులో 1996లో సుప్రీంకోర్టు ఈ సంగతి తేల్చింది. ఒక హోమియో వైద్యుడు జ్వరం రోగికి అల్లోపతి మందులిచ్చాడు, రోగి చనిపోయాడు. తనకు అర్హత లేని వైద్యం చేయడమే నిర్లక్ష్యమని కోర్టు చెప్పి మూడు లక్షల రూపాయల పరిహారం ఇప్పించింది. మహారాష్ట్రలో ఒక సంవత్సరపు అదనపు కోర్సు చదివిన హోమియో వైద్యులకు కొన్ని మందులు రాసే అనుమతి ఇస్తూ 2014లో చట్టం మార్చారు, దానిమీద తగవు ఇంకా నడుస్తున్నది. అది అక్కడి సంగతి. ఇక్కడివారు దాన్ని చూపి ఫీజు కట్టించుకుంటే నమ్మకండి.

వైద్యసేవ చేయాలన్న కోరిక ఉంటే నర్సింగ్ ఉంది, ఫార్మసీ ఉంది, ల్యాబు టెక్నీషియన్ ఉంది, ఫిజియోథెరపీ ఉంది. మహబూబాబాద్‌లో 2022లో, జనగామలోనూ భూపాలపల్లిలోనూ 2023లో ప్రభుత్వ వైద్య కళాశాలలు వచ్చాయి. ఇంకొక ఏడు చదివి నీట్ రాయగల బిడ్డకు ఆ ఏడు ఇవ్వండి. అయినా హోమియోలోనే చేరతానంటే, చేరిన బిడ్డ ఆర్గనాన్‌తో పాటు రోగ నిర్ధారణ పాఠాలు కూడా శ్రద్ధగా చదవాలి. ఎందుకంటే ఆ చదువుకు నిజమైన పని ఒకచోట కనిపిస్తున్నది. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమంలో, వాహనం వేసుకుని అంగన్‌వాడీలకూ, ప్రభుత్వ బడులకూ తిరిగే బృందాల్లో ఉండేది ఆయుష్ డాక్టర్లే. వారిలో హోమియో చదివినవారు కూడా ఉన్నారు. వారు అక్కడ గుళికలు పంచరు. స్టెతస్కోపు పెట్టి గుండెలో చప్పుడు తేడాగా ఉంటే రాసుకుంటారు. గ్రహణం మొర్రి, వంకర పాదం, వినికిడి లోపం, రక్తహీనత, మాటలు ఆలస్యంగా రావడం చూసి, చీటీ రాసి పై ఆసుపత్రికి పంపుతారు. పద్దెనిమిదేళ్ళ వరకు పిల్లలకు ఇది ఉచితం. అంగన్‌వాడీకి ఏడాదికి రెండుసార్లు, బడికి ఒకసారి వస్తారు. వారు వచ్చే రోజు ముందుగా టీచరమ్మను అడిగి తెలుసుకుని, ఆ రోజు పిల్లల్ని పత్తి ఏరడానికి తీసుకుపోకుండా బడికి పంపండి. చీటీ ఇస్తే దాన్ని పోగొట్టకుండా అందులో రాసిన ఆసుపత్రికి తీసుకువెళ్ళండి.